కంచ పోయి కంచె వచ్చె

కిందటి వేసవిలో ఒక మిత్రుడి కారులో రాయలసీమ మెట్టదారిన ప్రయాణం చేస్తున్నాను. రోడ్డుకు రెండువైపులా కనుచూపుమేర ఎండిన గడ్డి, అక్కడక్కడా తుమ్మలు, రేగుపొదలు, నల్లరాతి గుండ్లు. మిత్రుడు ఇంజనీరు, సహృదయుడు, పుస్తకాలు చదివేవాడు. "ఎంత భూమి ఖాళీగా పడి ఉందో చూశావా! ఇదే మరో దేశంలో అయితే..." అని ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని అతడు పూర్తి చేయనక్కరలేదు. ఏదో ఒక ప్రయాణంలో, ఏదో ఒక కిటికీ పక్కన కూర్చుని మనమందరం అనుకున్న వాక్యమే అది.

మరికొంత దూరం పోయాక టీ కోసం ఆగిన చోట ఒక పెద్దాయన మందను మళ్ళేసుకుంటూ కనిపించాడు. మిత్రుడి మాటను ప్రశ్నగా మార్చి ఆయననే అడిగాను, ఈ నేలంతా ఖాళీయే కదా తాతా అని. ఆయన నవ్వాడు. "యాడ ఖాళీ నాయనా? వానలు పడినాంక రాండి, సూపిస్తా. ఇదంతా మా జీవాల కూడు" అన్నాడు. తరువాత చేతికర్రతో దూరంగా మెరుస్తున్న కొత్త తీగకంచెను చూపించి, "అది పడినప్పట్నించి నీళ్ళకు సుట్టు తిరిగి పోతాండాం" అన్నాడు. అన్నది అంతే. ఫిర్యాదు చేసే గొంతు కాదు. ఎవరితో చెప్పుకున్నా ఫలితం లేదని తెలిసినవాడి గొంతు.

మిత్రుడు అన్న ఒక్క మాటకు ఇంత పొడుగు జవాబు అవసరమా అని చదువరులకు అనిపించవచ్చు. అవసరమేనని నా నమ్మకం. ఎందుకంటే "ఖాళీ" అన్నది వర్ణన కాదు, తీర్పు. ఆ తీర్పు వెలువడిన తరువాతనే సర్వేయరు వస్తాడు, ఆ తరువాత పొక్లెయిను వస్తుంది.

మొదట ఈ నేలకు మన భాషలో, మన దస్తరాలలో ఉన్న పేర్లు చూడండి. మేత పోరంబోకు, బంచరాయి, పశువుల బీడు, నిజాం ఇలాకాలో గైరాన్, కంచ. ఇవన్నీ ఊరి పశువులు మేయడానికి విడిచిన భూములకు పేర్లు. పోరంబోకు అన్నమాట తమిళం నుంచి వచ్చింది. లెక్కకు వెలుపల ఉంచినది అని అర్థం. ఊరందరిదీ కనుక ఏ ఒక్కరి పేరా పన్ను కట్టనిది. చెరువు, శ్మశానం, బండ్లబాట, మేతబీడు అన్నీ ఆ వెలుపలి లెక్కలోవే. అటువంటి మాట మన నోళ్ళలో ఈనాడు తిట్టుగా మిగిలింది. ఊరుమ్మడిగా ఉన్నదాన్ని తిట్టుగా మార్చుకున్న జాతికి ఆ ఉమ్మడి పోయినప్పుడు నొప్పి తెలియకపోవడంలో వింత లేదు.

ఇక "బంజరు" సంగతి. సేద్యం చేయని నేలకు ఉర్దూ, హిందీ భాషల మీదుగా మన రెవెన్యూలోకి దిగిన మాట ఇది. పన్ను వసూలు చేసే దొర దృష్టిలో నేల రెండే రకాలు, శిస్తు ఇచ్చేది, ఇవ్వనిది. ఇవ్వనిది వ్యర్థం. దొరలు పోయారు గాని ఆ చూపు పోలేదు. మన దేశపు వ్యర్థభూముల పటాన్ని కేంద్ర భూవనరుల శాఖ కోసం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసేది మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. 2019లో వెలువడిన కూర్పు ప్రకారం 2015-16 నాటికి దేశంలో దాదాపు 5.58 కోట్ల హెక్టార్లు, అంటే దేశ విస్తీర్ణంలో సుమారు 17 శాతం, వ్యర్థభూమి. అందులో పొదలున్న నేల ఒక తరగతి, క్షీణించిన మేతభూమి మరో తరగతి. ఆకాశం నుంచి చూసే కన్నుకు గడ్డి కనబడుతుంది. ఆ గడ్డి ఏ నెలలో ఎవరి మందకు ఆధారమో కనబడదు.

ఆ నెలల లెక్కలోనే అసలు మర్మమంతా ఉంది. మనం మెట్టనేలను ఎక్కువగా చూసేది వేసవి సెలవుల ప్రయాణాలలో. అప్పుడది నిజంగానే బోసిగా ఉంటుంది. కాని వేసవిలో మందకు ఆ బీడుతో అంతగా పని లేదు. కోతలైన పొలాలలో కొయ్యకాళ్ళుంటాయి, కాలువల కింది ఊళ్ళుంటాయి, నల్లమల అంచులుంటాయి. రైతులే పిలిచి తమ చేలలో రాత్రిళ్ళు మంద పెట్టించుకుంటారు. గొర్రెల పెంటికలు, మూత్రం నేలకు బలమని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకు గింజలో డబ్బో ముట్టజెబుతారు. చిక్కు వచ్చేది తొలకరితో. ఊరి పొలాలన్నీ విత్తనం పడి పచ్చబడతాయి. అప్పుడు మంద ఏ చేనులో కాలు పెట్టినా తగాదాయే. పంట చేతికొచ్చే దాకా, ఆ నాలుగు నెలలూ, మందకు మిగిలే చోటు ఒక్కటే. మీరు "ఖాళీ" అన్న ఆ బీడు. సరిగ్గా ఆ నెలలలోనే అక్కడ గడ్డి లేస్తుంది, గరికకు ప్రాణం వస్తుంది, గుంటలలో నీళ్ళు నిలుస్తాయి. సంవత్సరంలో నాలుగు నెలలు లేకపోతే మిగిలిన ఎనిమిది నెలల మేత ఉండీ లాభం లేదు. మందను నాలుగు నెలలు పస్తుపెట్టి బతికించే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

గడ్డి మీద హక్కు కోసం జరిగిన పోరు మనకు కొత్త కాదు. మన వీరగాథలలో ఒక మహాగాథకు పునాది ఇదే. పదమూడో శతాబ్దంలో కాటమరాజు కరువుకు తాళలేక ఆలమందలతో నెల్లూరి సీమకు వచ్చాడు. నల్లసిద్ధితో ఒడంబడిక చేసుకున్నాడు. మేతకు బదులుగా కోడెదూడలను పుల్లరిగా ఇవ్వాలి. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. ఒడంబడిక చెడింది, యుద్ధం వచ్చింది. తిక్కన సోమయాజికి జ్ఞాతి అయిన ఖడ్గతిక్కన ఆ పోరులో నెల్లూరి పక్షాన నేలకొరిగాడు. కథలలో పాఠభేదాలెన్ని ఉన్నా, కొమ్ములవారు తరతరాలుగా గానం చేస్తూ వచ్చినది గడ్డికోసం జరిగిన యుద్ధాన్నే. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఆ కథలను సేకరించి సంపుటాలుగా ప్రకటించకపోతే మనలో చాలామందికి ఆ మాత్రమైనా తెలిసేది కాదు.

ఏడువందల ఏళ్ళ తరువాత పల్నాడులో మళ్ళీ అదే మాట వినబడింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు సొత్తు చేసింది. అడవిలో పశువు మేస్తే పుల్లరి కట్టాలి. 1921లో సహాయ నిరాకరణ కాలంలో పల్నాటి పల్లెలు కట్టబోమన్నాయి. కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలయ్యాడు. మన పాఠ్యపుస్తకాలు ఆయనను స్వాతంత్ర్య సమరయోధుడిగా సరిగ్గానే గౌరవిస్తున్నాయి. కాని ఆయన ప్రాణమిచ్చిన ప్రశ్న ఏమిటో విద్యార్థికి చెప్పడం మరచిపోతున్నాయి. పశువుకు గడ్డి మీద హక్కు ఉందా లేదా అన్నదే ఆ ప్రశ్న.

ఇప్పుడు నా అభియోగం చెబుతాను. నల్లసిద్ధి పుల్లరి అడిగాడు. తెల్లదొర పుల్లరి అడిగాడు. ఇద్దరూ పీడించినవారే. అయినా పన్ను అడగడంలోనే ఒక ఒప్పుకోలు ఉంది, ఇక్కడ గడ్డి ఉన్నదని, దానికి విలువ ఉన్నదని, దాన్ని మేపుకునే మనిషి ఒకడున్నాడని. ఈనాటి పాలన ఆ మనిషిని పుల్లరి కూడా అడగదు. అతడు లెక్కలోనే లేడు. పీడనకు ఎదురు తిరగవచ్చు. లేనట్టు చూస్తే దేనికి ఎదురు తిరగాలి?

ఉదాహరణకు సౌరవిద్యుత్తు. కర్నూలు సీమలో గని, శకునాల గ్రామాల పరిసరాలలో దాదాపు 6 వేల ఎకరాలలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో ఉత్పత్తిలోకి వచ్చింది. మన సరిహద్దు దాటితే, ఇంటింటా తెలుగు వినబడే కర్ణాటక పావగడలో 13 వేల ఎకరాలలో 2,050 మెగావాట్ల పార్కు ఉంది. పావగడ ఏర్పాటును చాలామంది మెచ్చుకుంటారు. రైతుల భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి పెంచుతూ ఇస్తున్నారు. మంచిదే. కాని కౌలు ఎవరికి వస్తుంది? పట్టా ఉన్నవాడికి. పంట కోసాక ఆ చేలలో మంద మేపుకున్నవాడికి పట్టా ఎక్కడిది? ఒకే నేల మీద ఇద్దరు బతికారు, ఒకడు కాగితంతో, ఒకడు కాలినడకతో. పరిహారం కాగితానికి ముట్టింది.

సౌరవిద్యుత్తు వద్దని నేననడం లేదు. బొగ్గు పొగ కంటే ఎండ మేలు. నా అభ్యంతరమల్లా, మేలు జరుగుతున్నది అందరికీ అయినప్పుడు దాని ఖర్చు ఒక్క గొర్రెల కాపరి మీద, అతడికి చెప్పనైనా చెప్పకుండా, ఎందుకు పడాలన్నదే.

తెలంగాణ సంగతి మరీ విచిత్రం. 2019 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 7.4 కోట్ల గొర్రెలుంటే అందులో 1.9 కోట్లు తెలంగాణలో, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. దేశపు గొర్రెలలో దాదాపు సగం మన రెండు రాష్ట్రాలవే! 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో పంపిణీ మొదలుపెట్టింది. గొర్రెలను పొరుగు రాష్ట్రాల నుంచి లారీలలో తెచ్చారు. తరువాత ఆ పథకంలో బయటపడిన అక్రమాల కథ పత్రికలలో చదివారు. అక్రమాలు లేకపోయినా నా ప్రశ్న ఉండేది. గొర్రెను ఇచ్చారు సరే, గడ్డి ఏదీ? ఒక చేత్తో మందను పెంచి, మరో చేత్తో ఊరి బీడును మొక్కల పెంపకానికో, పరిశ్రమకో, వెంచరుకో రాసిస్తే ఆ జీవం ఏం తిని బతకాలి? నీళ్ళు లేని ఊరికి బిందెలు పంచినట్టుంది.

జాతి సంగతి కూడా ఇందులోనే చెప్పాలి. మన దక్కను గొర్రె నల్లని బిరుసు ఉన్ని కలది, గొంగడికి తల్లి. రోజంతా నడిచి, దొరికిన పొదను కొరికి, కరువుకు తట్టుకునే జీవం. మేతనేల కుంచించుకుపోయి, గొంగడికి గిరాకీ తగ్గి, మాంసం ఒక్కటే లెక్కలోకి వచ్చాక, ఉన్నిలేని నెల్లూరు జాతి దాని చోటు తీసుకుంటూ వచ్చింది. నేల మారితే గొర్రె మారుతుంది. గొర్రె మారితే మగ్గం మూలబడుతుంది. ఒగ్గుకథలో బీరప్ప, మల్లన్న ఇంకా గొర్రెలు కాస్తూనే ఉంటారు. వినడానికి కూర్చున్న కురుమ యువకుడు మాత్రం మర్నాడు పొద్దున్నే కాపలా ఉద్యోగానికి పట్నం బస్సు ఎక్కుతాడు.

2025లో కంచ గచ్చిబౌలి గొడవ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకున్న 400 ఎకరాలలోకి మార్చి చివర బుల్‌డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. అది అడవి అని ఒకరు, రికార్డులలో అడవి కాదని మరొకరు వాదించారు. నెమళ్ళ గురించి, జింకల గురించి రాశారు. రాయవలసిందే. కాని అన్ని వందల వ్యాసాలలో ఆ ఊరి పేరుకు ముందున్న మొదటి మాట మీద ఆగినవారు నాకు కనబడలేదు. కంచ అంటే మేతభూమి. ఆ చోటు ఏమిటో పేరులోనే రాసి ఉంది. అది అడవా, ఐటీ పార్కా అని రెండు పక్షాలు కొట్టుకున్నాయే గాని, అది ఒకప్పుడు గడ్డినేల అన్న మూడో మాట ఎవరి నోటా రాలేదు. ఒక్క ఎత్వం తేడాతో కంచ పోయి కంచె వచ్చింది.

ఈ చోట నాకు ఎప్పుడూ ఎదురయ్యే వాదం ఒకటుంది. "ఉమ్మడి నేలను ఎవరికి వారు మేపి నాశనం చేస్తారు, అందుకే దానికొక యజమాని ఉండాలి" అని. దీని మూలపురుషుడు గారెట్ హార్డిన్. 1968లో ఆయన రాసిన వ్యాసంలోని ఉదాహరణ సరిగ్గా పశువుల కాపరిదే. ప్రతివాడూ తన లాభం కోసం మరో పశువును తోలుతాడు, చివరికి బీడు బోడి అవుతుంది. అయితే హార్డిన్ ఊహించిన కాపరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు! ఏ పల్లెలో ఉన్నారు అటువంటివాళ్ళు? ఏ మంద ఏ దిక్కుకు పోవాలో, ఏ గుంట ఎప్పటిదాకా ముట్టకూడదో, పరాయి ఊరి మంద ఎన్నాళ్ళు ఉండవచ్చో మాట్లాడుకోని కాపరులు ఎక్కడా లేరు. తరువాత హార్డిన్ తానే, తాను చెప్పింది కట్టుబాటు లేని ఉమ్మడి నేల గురించి అని సవరించుకున్నాడు. కట్టుబాటున్న ఉమ్మడి వనరులు తరతరాలు నిలవగలవని లోకమంతటి ఉదాహరణలతో చూపిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. మన అధికారుల బల్లల మీద మాత్రం 1968 నాటి హార్డినే ఇంకా కూర్చుని ఉన్నాడు.

అతిమేత అన్నది లేదని నేననను. ఉంది. కొన్ని బీడులు నిజంగానే గుండు కొట్టినట్టున్నాయి. కాని వెయ్యి ఎకరాలలో తిరిగే మందలను రెండు వందల ఎకరాలలోకి నెట్టి, "చూశారా, వీళ్ళు నేలను పాడుచేస్తున్నారు" అనడం ఎక్కడి న్యాయం? వాకిలి మూసి, ఇల్లు ఇరుకైందని ఇంటివాణ్ణి నిందించడమే అది.

ఇక మన సాహిత్యజీవుల మాట. ఇది మనలోమన మాట గనుక కొంచెం చనువుగా అంటున్నాను. బీడు అన్నమాటను మనం ఎలా వాడతామో ఒకసారి తరచి చూసుకోండి. మనసు బీడైంది, బతుకు బీడైంది, బీడు గుండెలో విత్తనం. మన కవిత్వంలో నాగలి ఎప్పుడూ విముక్తి, బీడు ఎప్పుడూ గొడ్డుతనం. దున్నేవాడికే భూమి అన్నాం. గొప్ప నినాదం, న్యాయమైన నినాదం. భూమి లేని దళితుడికి బంజరు పట్టా దక్కాలని జరిగిన పోరాటాల పక్షాన నేను నిస్సందేహంగా ఉంటాను. అయినా ఆ నినాదంలో మేపేవాడికి చోటు లేదన్న సంగతి ఒప్పుకోవాలి. భూస్వామి మాగాణి జోలికి పోకుండా ఉమ్మడి బీడునే ముక్కలు చేసి పంచడం పాలకులకు తేలిక. పేదకు పేదకు మధ్య గట్టు పెట్టి తాము తప్పుకున్నారు. మనం ఆ గట్టు మీద నిలబడి కవిత్వం రాశాం.

బీడులో మనుషులే కాదు, ఇతర ప్రాణులూ బతుకుతాయి. నందికొట్కూరు ప్రాంతంలోని రోళ్ళపాడు గడ్డినేలలను బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. చుట్టుపక్కల నేలలకు కాలువనీరు వచ్చింది, పంటల తీరు మారింది, పిట్ట తిరిగే విశాలమైన మెట్ట ముక్కలైంది. ఈనాడు ఆ పిట్ట దేశం మొత్తం మీద 150కి మించి లేదని అంచనా. గడ్డినేలను గడ్డినేలగా గుర్తించని చోట గొర్రె, కాపరి, పిట్ట ముగ్గురిదీ ఒకటే గతి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, సంచార పశుపోషకులు రుతువును బట్టి అడవికి వచ్చే ఆనవాయితీని పేరు పెట్టి మరీ గుర్తించింది. కాని ఆదివాసులు కానివారు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, ప్రధానంగా అడవిలోనే నివసించి దాని మీద ఆధారపడ్డామని నిరూపించుకోవాలి. ఏటా వచ్చిపోవడమే జీవనమైనవాడు ఒకచోట నివాసమున్నట్టు ఏ రుజువు తేగలడు? 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి పంచాయతీలకు అప్పగించాలని అన్ని రాష్ట్రాలకు చెప్పింది. ఆక్రమించినవాడు ఒక రైతైతే ఆ తీర్పు గుర్తుకొస్తుంది. ప్రభుత్వమే రాసిచ్చినప్పుడు దానికి ఆక్రమణ అన్న పేరుండదు.

ఐక్యరాజ్యసమితి 2026ను మేతభూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. సభలు జరుగుతాయి, గొంగడి కప్పుకుని ఫోటోలు దిగుతారు. నేను కోరేవి అంతకంటె చిన్న కోరికలు. వ్యర్థభూముల పటంలో మేతనేలను వ్యర్థం అనడం మానాలి. ప్రతి ఊరి మేతబీడునూ, మందలు నడిచే బాటలనూ, అవి నీళ్ళు తాగే గుంటలనూ రికార్డుకెక్కించి ఊరి చావడిలో గోడ మీద రాయాలి. వాటి వినియోగం మార్చాలంటే గొర్రెల కాపరులు ఊళ్ళో ఉండే నెలలలో గ్రామసభ పెట్టి అడగాలి, వాళ్ళు వలసలో ఉన్నప్పుడు కాదు. సౌరఫలకాలు పెట్టే చోట వాటి కింది గడ్డిలో గొర్రెలను మేపనివ్వాలి. అది అసాధ్యమేమీ కాదు, ఇతర దేశాలలో చేస్తున్నారు. కౌలు ఇచ్చేటప్పుడు మేతకు కూడా ఒక పాలు కట్టాలి. కాటమరాజు గడ్డికి వెల చెల్లించాడు. ఇప్పుడు గడ్డిని తీసుకుంటున్నవాళ్ళు చెల్లించాలి.

ఆ పెద్దాయన వానలు పడ్డాక రమ్మన్నాడు. శ్రావణంలో వెళ్ళాను. మిత్రుణ్ణి కూడా లాక్కువెళ్ళాను. అదే చోటు. కంచెకు ఇవతల మోకాలెత్తు పచ్చిక, అందులో మంద. ఎక్కడో ఒక పిల్ల తల్లికోసం అరుస్తోంది. మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తిరిగి కారెక్కాక, "ఇంత గడ్డి ఉంటుందనుకోలేదు" అన్నాడు.

అతడు నా వాదనతో ఏకీభవించాడని చెప్పను. ఏకీభవించలేదు. దారి పొడుగునా వాదించుకుంటూనే వచ్చాం. మీరూ విభేదించండి, నాకు అభ్యంతరం లేదు. కాని ఇకమీదట కారు కిటికీలోంచి ఒక బీడును చూసినప్పుడు, ఖాళీ అనే ముందు, ఇది ఏ నెల అని ఒక్కసారి లెక్కపెట్టుకోండి.